ఏడు లక్షల ఇరవై వేల ఏడు వందల ఇరవై

నిన్న మా ఆఫీసులో ఒక తెలివితక్కువ పని చేశాను. సిగ్గుపడుతూ చెప్పడం లేదు, మీసం మెలేసి మరీ చెబుతున్నాను. కుర్చీలు సరఫరా చేసే ఆసామి పంపిన కొటేషన్ మీద ఒక్క రూపాయి కూడా తగ్గించమని అడక్కుండా సంతకం పెట్టేశాను.

ఇందులో వింతేముందని మీకు అనిపించవచ్చు. నోయిడాలో ఒక కంపెనీకి కొనుగోళ్ళు చూడటం నా ఉద్యోగం. అవతలివాడి చేత ‘ఇంక నావల్ల కాదు సార్’ అనిపించడానికే నాకు జీతమిస్తారు. దానికి తోడు పుట్టుక ఒకటి. ఏలూరులో మా నాన్నది కిరాణా కొట్టు, పెదనాన్నది ఇత్తడి సామాను, మేనమామది బట్టలు. మా ఇంట్లో పిల్లలకు మాటలకంటే ముందు బేరం వచ్చేది. పెళ్ళి పీటల మీద కూర్చుని పురోహితుణ్ణి ‘మంత్రాలు కొన్ని తగ్గించుకుంటే దక్షిణ ఎంతకి దిగుతుంది?’ అని అడిగినవాణ్ణి నేను. మా ఆవిడ ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు, నన్ను మరిచిపోనివ్వలేదు.

కాసేపటికి ఆ ఆసామే ఫోన్ చేశాడు. “సర్‌జీ, కుఛ్ గల్తీ హో గయీ క్యా?” అన్నాడు, ఏదో పొరపాటు జరిగిందన్న భయంతో. నేను ఎలాగూ కోస్తానని ముందే కొంత పెంచి పంపాడట పాపం. “ఠీక్ హై, ఠీక్ హై” అని పెట్టేశాను. నిజం చెబితే నమ్మడు. పన్నుతో కలిపి కింద వేసిన మొత్తం ఏడు లక్షల ఇరవై వేల ఏడు వందల ఇరవై. అందులోంచి ఒక్కటి తీసినా ఆ సంఖ్య పాడైపోతుంది. పాడుచేయడానికి నాకు చేతులు రాలేదు.

అది మా లెక్కల ఆంటీ సంఖ్య.

ఆవిడ నాకు చుట్టం కాదు. ఢిల్లీలో పరాయివాళ్ళంతా అంకుల్, ఆంటీలే. మయూర్ విహార్‌లో మా సొసైటీ మూడో అంతస్తులో ఉండేవారు. గోదావరి జిల్లా మనిషి. ఏళ్ళ తరబడి ఇక్కడే ఒక బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పోయిన చలికాలంలో నిద్రలోనే వెళ్ళిపోయారు. బడి మానేసినా సుద్దముక్క మానలేదు. హ్యాండ్‌బ్యాగులో తాళాలూ, మందులూ, మెట్రో కార్డూ, వాటన్నిటికీ పౌడరు పూసినట్టు తెల్లగా అంటుకున్న సుద్ద. మాట్లాడుతూ మాట్లాడుతూ వంగి నేల మీద ఏదో రాసేవారు. మా వాచ్‌మన్ ముందు తుడిచేవాడు. తర్వాత తర్వాత పార్కింగులో ఆవిడ రాతల చుట్టూ నడిచి వెళ్ళడం అలవాటు చేసుకున్నాడు.

ఎవరైనా ఎదురుపడితే కులాసా అడగరు. “ఇంట్లో ఎంతమంది?” అని అడుగుతారు. అయిదుగురం అంటే మొహం కొంచెం వాడుతుంది. ఆరుగురం అంటే విచ్చుకుంటుంది. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు పళ్ళెంలో ఒంటిగా మిగిలిపోయిన గారె కనబడిందా, ఆవిడకి మాట సాగదు. “పాపం, శేషం మిగిలిపోయింది” అని దాన్ని తీసి పక్కవాళ్ళ విస్తట్లో పడేస్తే గాని నిమ్మళం లేదు. ఆలోచించేటప్పుడు కుడిచేతి బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద ఎక్కుతూ దిగుతూ ఉండేది. లిఫ్టులో దొరికిన పిల్లల్ని వదిలేవారు కాదు. “నువ్వెక్కే అంతస్తు మూడుతో పోతుందా, పోదా?” అనేవారు. మా పిల్లలకి తెలుగు అర్థమవుతుంది, నోరు తెరిస్తే మాత్రం హిందీ. “ఆంటీ, ప్లీజ్, ఛుట్టీ హై ఆజ్!” అని, ఇవాళ సెలవని మొత్తుకుంటూ మెట్లెక్కి పారిపోయేవాళ్ళు. “పోనీలే, మోకాళ్ళకి మంచిది” అనేవారు ఆవిడ.

నాకు ఆవిడతో పరిచయం కూరగాయల బండి దగ్గర. టొమాటోలు కొని, కొసరుగా కొత్తిమీర వెయ్యమని బండివాడితో వాదిస్తున్నాను. అందరికీ వేసేవాడు నాకు మాత్రం వెయ్యనంటున్నాడు. అంతకుముందు టొమాటోల బేరంలో నేను పెట్టిన బాధ అలాంటిది. ఆవిడ వెనక నిలబడి విసిగిపోయినట్టున్నారు. బండి మీదున్న కాలిక్యులేటరు తీసి వాడి చేతిలో పెట్టారు.

“భయ్యా, మూడంకెల సంఖ్య ఏదైనా కొట్టు” అన్నారు హిందీలో. వాడు మూడు వందల ఎనభై అయిదు కొట్టాడు. “దాని పక్కనే మళ్ళీ అదే కొట్టు.” మూడు లక్షల ఎనభై అయిదు వేల మూడు వందల ఎనభై అయిదు అయింది. “ఏడుతో భాగించు. పోయిందా? వచ్చినదాన్ని పదకొండుతో. దాన్ని పదమూడుతో.” ప్రతిసారీ దశాంశపు చుక్క పడకుండా పోయింది. చివరికి వాడు మొదట కొట్టిన మూడు వందల ఎనభై అయిదే తెర మీద నిలబడింది.

“మాతాజీ, జాదూ!” అన్నాడు వాడు.

“జాదూ నహీ బేటా, హజార్ ఏక్” అన్నారావిడ. వాడు అడక్కుండానే ఆవిడ సంచిలో రెండు కట్టల కొత్తిమీర, గుప్పెడు పచ్చిమిరపకాయలు వేశాడు. నేను అరగంట వాదించి సంపాదించలేనిది అది.

ఆ అవమానం భరించలేక దారిలో అడిగాను, ఏం చేశారని. “మూడంకెల్ని పక్కపక్కన రెండుసార్లు రాయడమంటే వెయ్యిన్నొకటితో గుణించడమే కదయ్యా. వెయ్యిన్నొకటిలో ఏముంది? ఏడు, పదకొండు, పదమూడు. మూడూ మొండివాళ్ళే. వేరేచోట ఎవరికీ లొంగరు, అక్కడ ముగ్గురూ ఒకే గదిలో సర్దుకున్నారు.” నడుస్తున్నవారల్లా ఆగి, వంగి, మా గేటు ముందు సిమెంటు మీద రాశారు: 720720. “ఇదీ అలాంటిదే. ఏడు వందల ఇరవైని రెండుసార్లు రాశా. ఏడు వందల ఇరవైలో చిన్నవాళ్ళంతా ఉన్నారు. వెయ్యిన్నొకటిలో మొండివాళ్ళున్నారు. రెండూ కలిస్తే ఒకటి నుంచి పదహారు దాకా ఎవరొచ్చి అడిగినా శేషం లేకుండా పంచిపెడుతుంది. ఇంతకన్నా చిన్న సంఖ్య ఏదీ ఈ పని చెయ్యలేదు. దీన్ని సరిగ్గా భాగించేవి మొత్తం రెండు వందల నలభై. నేను దీన్ని సత్రం అంటాను. ఎవరొచ్చినా ఓ చాప పరుస్తుంది.”

అప్పట్నుంచి నన్ను ‘షావుకారూ’ అనే పిలిచేవారు. నాకూ ఆ సంఖ్య మీద ఒక రకమైన గౌరవం పడింది. ఇంత సరుకున్నా పొగరు లేని సంఖ్య అనిపించింది. అయినా నా బుద్ధి నాది. ఓ రోజు అడిగాను, “ఆంటీ, దీనికి ఒకటి కొసరు వేస్తే?”

ఆవిడ కళ్ళు మెరిశాయి. “వేసి చూడు. రెండొచ్చినా, పదహారొచ్చినా ప్రతివాడికీ ఒకటి మిగుల్తుంది.”

“అంటే ఎవరూ కొరకలేరన్నమాట. ప్రధాన సంఖ్య!”

“పందెం?”

“మీరు పెట్టిన మాగాయ ఒక సీసా” అన్నాను. నేను ఓడితే నెల రోజులు బండి దగ్గర బేరమాడకూడదు. నేను ఓడితేనే బాగుంటుందని మా ఆవిడ అంది, ఇంటిల్లిపాదీ ప్రశాంతంగా ఉంటారు కాబట్టి.

ఆఫీసులో మీటింగులు జరుగుతుంటే బల్ల కింద ఫోన్ పెట్టుకుని భాగించుకుంటూ పోయాను. పదిహేడు పోలేదు. పంతొమ్మిది పోలేదు. ఇరవై మూడు, ఇరవై తొమ్మిది, ముప్పై ఒకటి. అరవై ఒకటి దాకా వెళ్ళాను. ఎవరికీ లొంగలేదు. నాకు తెలిసిన వ్యాపార సూత్రం ఒకటే: ఎంతకీ తెగని బేరం దగ్గర లేచి నడిచి వెళ్ళిపోవాలి, వాడే వెనక్కి పిలుస్తాడు. ఆ సాయంత్రమే వెళ్ళి ఆంటీ తలుపు కొట్టి సీసా అడిగాను.

“అరవై ఒకటి దగ్గర ఆగావా?” అన్నారావిడ, నిజమైన జాలితో. “ఇంకా రెండు గుమ్మాలు ఎక్కలేకపోయావా షావుకారూ! అరవై ఏడు పోదు. డెబ్భై ఒకటితో కొట్టు.”

కొట్టాను. పదివేల నూటయాభై ఒకటి. చుక్క లేదు.

ఆ నెల బండివాడు నా దగ్గర ఎంత సంపాదించాడో చెప్పను. మాగాయ మాత్రం ఆంటీ ఇచ్చారు, “ఇంతదూరం ఎవరూ రాలేదయ్యా” అని.

ఇక మామిడికాయల సంగతి. మా సొసైటీలోనూ, చుట్టుపక్కలా కలిపి పదహారు తెలుగు ఇళ్ళు. ఢిల్లీ మండీల్లో దొరికే కాయలతో ఆవకాయ పెడితే రెండు నెలలకే ముక్క మెత్తబడుతుంది. అందుకని ఏటా మే నెలలో నూజివీడు నుంచి పచ్చికాయలు రైలు పార్సిల్లో తెప్పించుకుంటాం. బేరం నాది, పంపకం ఆంటీది. ఎన్ని తెప్పించాలన్నది మాత్రం ఆవిడ ఎప్పుడో తేల్చేశారు: ఏడు వందల ఇరవై. “పెద్దదాన్ని తెప్పిస్తే పార్కింగు చాలదు, దాని చెల్లెలితో సరిపెట్టుకుందాం” అనేవారు. ఇంటికి నలభై అయిదు. నేను వ్యాపారితో పోట్లాడి కొన్ని కొసరు వేయించేవాణ్ణి. దారిలో మెత్తబడ్డవి తీసేసి, వాటి స్థానంలో కొసరు పెట్టి, ఇంకా మిగిలితే ఆవిడ వాచ్‌మన్‌కీ, ఊడ్చేవాళ్ళకీ, రోడ్డున పోయేవాళ్ళకీ ఇచ్చేసేవారు. నేను చెమటోడ్చి తెచ్చిన కొసరు! గుండె తరుక్కుపోయేది.

నేను పందెం ఓడిన ఏడాది ఎండలకి పార్సిల్లో చాలా కాయలు పోయాయి. కొసరంతా వాటికే సరిపోయి సరిగ్గా ఏడు వందల ఇరవై తేలాయి. ఆంటీ పార్కింగు నేల మీద సుద్దతో గీతలు గీసి, వరసకి నలభై అయిదు చొప్పున పదహారు వరసలు పేర్పించారు. ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో వరస వెనక సంచులు పట్టుకుని నిలబడ్డారు. ఆ పచ్చటి చదరం చుట్టూ ఆవిడ తల ఓ పక్కకి వంచి తిరుగుతుంటే, ముగ్గు బాగా కుదిరినప్పుడు మా అమ్మ మొహం ఎలా ఉండేదో అలా ఉంది.

అప్పుడొచ్చింది ఆ అమ్మాయి. శ్రీకాకుళం వైపు పిల్ల. దగ్గర్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, రాత్రి డ్యూటీ దిగి వెళ్తూ గేటులోంచి చూసి లోపలికి వచ్చేసింది.

“అండీ, ఇవి మన వైపు కాయలే కదండీ? ఓ పది అమ్ముతారా?”

ఆ అమ్మాయే చెప్పుకొచ్చింది. “మా అమ్మకి చెయ్యి విరిగిందండి. ఈ ఏడు ఆవకాయ పెట్టలేదు. కొన్న పచ్చడి ముట్టుకోదు. నేను పెట్టి పంపుతానని మాటిచ్చాను. ఇక్కడి కాయల్తో ఒకసారి పెట్టానండి, వారానికే బూజొచ్చేసింది. రేపట్నుంచి మళ్ళీ వరసగా డ్యూటీలు. ఇవాళ పెడితేనే.”

ఊరి నుంచి ఢిల్లీకి రావలసిన జాడీ ఢిల్లీ నుంచి ఊరికి పోవడం నేను వినడం అదే మొదటిసారి.

మా పదహారిళ్ళ వ్యవహారాలు చూసే సెక్రటరీ అంకుల్ మంచివాడే. కానీ ఒకప్పుడు విడిగా కాయలు అమ్మిన పాపానికి ఎవరివి ఎన్ని పోయాయోనని ఆర్నెల్లు పోట్లాడుకున్నాం. ఆయన ఆ గాయం మరిచిపోలేదు. “విడిగా అమ్మేది లేదమ్మా. ఇవాళ నీకిస్తే రేపు లైను కడతారు” అన్నాడు.

“పది కాయలేం చేసుకుంటుంది? జాడీ అడుగు కూడా నిండదు” అన్నారు ఆంటీ. “ఇస్తే వాటా ఇవ్వాలి.”

“పదహారు వాటాలు మేడం, పదహారు ఇళ్ళు. డబ్బు కట్టేశారు.”

నేనూరుకోవచ్చు కదా. డెబ్భై ఒకటి దెబ్బ ఇంకా సలుపుతోంది. “పైగా ఆంటీ, మీ సత్రమే పదహారు దగ్గర తలుపేసుకుంటుంది కదా! పదిహేడోవాడొస్తే అయిదు మిగుల్తుంది. పోనీ ఈ కాయలు పంచుదామా? నలభై రెండు చొప్పున ఇస్తే ఆరు మిగులు. ఆ ఆరూ ఎవరివి?”

నలుగురూ నవ్వారు. ఆ అమ్మాయి బ్యాగు భుజానికి సర్దుకుని “పర్లేదండీ” అని వెనక్కి తిరిగింది. ఆంటీ మొహం చూసి నా నవ్వు నోట్లోనే ఉండిపోయింది. ఏనాడూ ఎవరినీ వెనక్కి పంపదని ఆవిడ చెప్పుకునే సంఖ్య, మా అందరి ముందూ ఒక మనిషిని పంపేస్తోంది. బొటనవేలు కణుపుల మీద ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది.

“అమ్మాయ్, ఆగు” అన్నారు. “షావుకారూ, ఫోను తియ్యి. నా సంఖ్యని పదిహేడుతో గుణించు.”

గుణించాను. కోటీ ఇరవై రెండు లక్షల యాభై రెండు వేల రెండు వందల నలభై.

“ఇప్పుడు పద్దెనిమిదితో భాగించు.”

“పద్దెనిమిదెందుకు? వచ్చింది పదిహేడే కదా.”

“భాగించవయ్యా!”

ఆరు లక్షల ఎనభై వేల ఆరు వందల ఎనభై. చుక్క లేదు, శేషం లేదు. పైగా ఆరు వందల ఎనభై పక్కన మళ్ళీ ఆరు వందల ఎనభై.

“చూశావా? పద్దెనిమిది కోసం నేనేమీ చెయ్యలేదు. పదిహేడుకి చోటిచ్చానంతే. రెండూ, తొమ్మిదీ ముందే లోపలున్నాయి కాబట్టి పద్దెనిమిది దానంతటదే వచ్చి కూర్చుంది. మీ కొట్లలో దాన్నేమంటారు?”

“కొసరు” అంది నా నోరు, నన్నడక్కుండానే.

“అదీ! పదిహేడైతే ఆరు మిగుల్తాయి, తగాదా. పద్దెనిమిదైతే నలభై చొప్పున చక్కగా పోతాయి. ఇంకో ఇల్లు చూడు.”

వెతకక్కర్లేకుండా వెనకనుంచి హారన్ మోగింది. మా రెండో అంతస్తు బిహారీ దీదీ. ఏటా మా ఆవాల ఘాటుకి తుమ్ముతున్నానని కంప్లయింటు రాసేది ఈవిడే. “భాయీ సాబ్, మేరీ గాడీ కైసే నిక్లేగీ?” అని అరుస్తోంది. ఆవిడ కారు బయటికి రావాలంటే పదహారు వరసలూ తొక్కుకుంటూ రావాలి.

ఆంటీ కారు కిటికీ దగ్గరికి వెళ్ళి, ఒక కాయ లోపలికి చాపారు. “దీదీ, అచార్ డాల్తీ హో?” అన్నారు, ఊరగాయ పెడతావా అని.

“ఆప్ లోగ్ గీలా డాల్తే హైఁ” అంది దీదీ, ఆరోపణగా. ముక్క ఎండబెట్టకుండా తడి మీదే పెడతామట మేము. అయినా చెయ్యి కాయ మీద పడింది. గోరుతో గిచ్చి నాలిక్కి రాసుకుంది. మొహమంతా ముడుచుకుపోయి, ఒక కన్ను మూసుకుపోయి, తర్వాత మెల్లగా తెరుచుకుంది. కారు ఇంజను ఆపేసింది.

“కిత్నే కా?” అంది, ఎంతకిస్తారని.

ఆ ఒక్క మాటతో నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది.

“ప్రతి వరసలోంచీ చివరి అయిదు తీయండి” అన్నారు ఆంటీ. అందరూ వంగారు. సెక్రటరీ అంకుల్ అందరికన్నా ఆలస్యంగా వంగాడు, కానీ వంగాడు. పదహారు అయిదులు ఎనభై. వాటితో పక్కన రెండు కొత్త వరసలు లేచాయి, నలభై, నలభై. పొడుగు కాస్త తగ్గింది, వెడల్పు కాస్త పెరిగింది, చదరం చెదరలేదు. ఆంటీ దాని చుట్టూ మళ్ళీ ఒకసారి తిరిగారు. ఆ అమ్మాయి తన వరస ముందు గొంతుక్కూర్చుని ఒక్కో కాయే సంచిలో వేసుకుంటుంటే, ఆవిడ పక్కన నిలబడి లెక్కపెట్టలేదు. నేను ఆవిడని లెక్కపెట్టకుండా చూసింది ఆ ఒక్కసారే.

ఆ సాయంత్రం అలవాటు చొప్పున నా పద్దు నేను వేసుకున్నాను. పార్సిల్ ఖర్చుతో కలిపి కాయ ముప్పై రూపాయలు పడింది. పదహారిళ్ళయితే ఇంటికి పదమూడు వందల యాభై. పద్దెనిమిదిళ్ళయ్యేసరికి పన్నెండు వందలు. అంటే నాకు తిరిగొచ్చింది నూటయాభై. నా వాటాలో తగ్గినవి అయిదు కాయలు, ముప్పై చొప్పున నూటయాభై. అక్కడికి చెల్లుకు చెల్లు. అయితే నలభై కాయల సంచి మెట్రో స్టేషన్ అవతల ఉన్న తన గది దాకా ఆ అమ్మాయి ఒక్కతీ మోయలేదని ఈ-రిక్షా పిలిచింది నేనే. వాడు ఎనభై అడిగాడు. చచ్చీ చెడీ అరవైకి దింపాను. ఆ అమ్మాయి పర్సు తీస్తుంటే వద్దని నేనే ఇచ్చాను. మొత్తం మీద ఆ రోజు నాకు నికర నష్టం అరవై రూపాయలు.